ఇంగ్లండ్‌లో సర్టిఫికెట్ లేని ఎక్స్‌టెన్షన్ ఉన్న ఇల్లు కొనే ముందు ఏం చేయాలి

ఇల్లు నచ్చింది. స్టేషన్‌కు నడిచి వెళ్లవచ్చు, దగ్గరలో మంచి బడి ఉంది, వెనుక పెద్ద వంటగది, పైన అటకలో ఇంకో గది. బేరం కుదిరింది, బ్యాంకు రుణానికి ఒప్పుకుంది. అప్పుడు కొనుగోలు కాగితాలు చూసే లాయరు, సొలిసిటర్ నుంచి ఉత్తరం వస్తుంది. వెనుక ఎక్స్‌టెన్షన్‌కు, అంటే ఇంటికి తర్వాత కలిపి కట్టిన భాగానికి, బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ దొరకలేదు, దాని గురించి స్థానిక కౌన్సిల్ చర్య తీసుకుంటే వచ్చే నష్టానికి బీమాగా అమ్మేవారు ఇండెమ్నిటీ పాలసీ కొనిస్తామంటున్నారు, మీకు సమ్మతమేనా అని అందులో ఉంటుంది. మనలో చాలామంది ఆ రాత్రే "సరే" అని జవాబు రాసేస్తారు. మా మొదటి ఇంటికి నేనూ అలాగే రాయబోయాను. ఆ ఉత్తరానికీ మీ జవాబుకూ మధ్య ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు, వేల్స్‌లోనూ కొన్ని గడువులు వేరు.

ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోండి. కాగితం లేకపోవడం ఒక సమస్య, కట్టుబడిలో లోపం ఉండటం మరో సమస్య. పాలసీ మొదటిదానికే పనికొస్తుంది. దూలం కుంగితే, గోడ బీటలిస్తే, అటకలో నిప్పంటుకుంటే ఆ పాలసీ మీకు ఒక్క పౌండు కూడా ఇవ్వదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇల్లు కొన్న అనుభవం ఉన్నవారు ఇక్కడ సులువుగా పొరబడతారు. ప్లానుకు మించి కట్టిన అంతస్తు అనగానే మనకు బీపీఎస్ గుర్తొస్తుంది. ప్రభుత్వం పథకం ప్రకటిస్తుంది, అపరాధ రుసుము కడతాం, కట్టడం క్రమబద్ధమవుతుంది. ఇంగ్లండ్‌లో సర్టిఫికెట్ లేని పాత పనికి తర్వాత సర్టిఫికెట్ తెచ్చుకోవడాన్ని రెగ్యులరైజేషన్ అంటారు. ఆ మాట వినగానే ఇదీ అలాంటిదేనని అనుకుంటాం. కాదు. ఇక్కడ రుసుము కట్టడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత అధికారి వచ్చి, పునాది పక్కన గొయ్యి తీసి చూపించమనవచ్చు, దూలం చుట్టూ ప్లాస్టరు కొట్టించమనవచ్చు. కట్టుబడి బాగుంటేనే సర్టిఫికెట్ ఇస్తారు.

మొదటి అడుగు: కౌన్సిల్‌కు ఫోన్ చేయకండి

నిజం తెలుసుకుందామనే తొందరలో కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ విభాగానికి ఫోన్ చేసి, ఫలానా నంబరు ఇంట్లో ఎక్స్‌టెన్షన్‌కు సర్టిఫికెట్ ఉందా అని అడగాలనిపిస్తుంది. ఆగండి. సర్టిఫికెట్ లేని పని గురించి కౌన్సిల్‌తో ఎవరూ మాట్లాడి ఉండకూడదన్నది ఇండెమ్నిటీ పాలసీల సాధారణ షరతు. మీరు అడిగినా, అమ్మేవారు అడిగినా, మీ సర్వేయర్ అడిగినా ఆ దారి మూసుకుపోతుంది. పాలసీ తీసుకోవడమే మంచిదని నేను అనడం లేదు. ఏ దారిన వెళ్లాలో తేలేదాకా ఏ దారినీ మూసుకోవద్దని చెబుతున్నాను.

కౌన్సిల్ వెబ్‌సైటులో ప్లానింగ్ దరఖాస్తుల జాబితా అందరికీ తెరిచే ఉంటుంది. దాన్ని ఎవరితోనూ మాట్లాడకుండా చూసుకోవచ్చు. మీ సొలిసిటర్ మామూలుగా తెప్పించే లోకల్ సెర్చ్, అంటే ఆ ఇంటిపై కౌన్సిల్ రికార్డుల వివరాలు, వల్ల కూడా ఇబ్బంది రాదు.

రెండో అడుగు: లేనిది ఏ కాగితమో తేల్చుకోండి

"అనుమతి లేదు" అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ప్లానింగ్ అనుమతి చూసేది కట్టడం ఎంత పెద్దదో, పక్కవారికీ వీధికీ ఎలా ఉంటుందో. బిల్డింగ్ రెగ్యులేషన్స్ చూసేవి కట్టడం ఎలా నిలబడుతుంది, మంటల్లో ఎంతసేపు ఆగుతుంది, చలీ చెమ్మా లోపలికి వస్తాయా, మురుగు ఎటు పోతుంది అన్నవి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

చిన్న ఎక్స్‌టెన్షన్లలో చాలావాటికి ప్లానింగ్ దరఖాస్తే అవసరం లేదు. సెమీ డిటాచ్డ్ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసిన) ఇంటికి లేదా టెర్రస్ (వరుసగా గోడలు కలిపి కట్టిన) ఇంటికి వెనుక ఒక అంతస్తుతో 3 మీటర్లు, విడి ఇంటికి 4 మీటర్లు, ఎత్తు వంటి ఇతర షరతులకు లోబడి పర్మిటెడ్ డెవలప్‌మెంట్ కింద కట్టుకోవచ్చు. అటక విస్తరణకు టెర్రస్ ఇంట్లో 40, మిగతా ఇళ్లలో 50 ఘనపు మీటర్ల దాకా వీలుంది. దీన్ని పట్టుకుని ఏజెంటు "దీనికి అనుమతే అక్కర్లేదండీ" అంటారు. ప్లానింగ్ వరకు ఆ మాట నిజం కావచ్చు. బిల్డింగ్ రెగ్యులేషన్స్ మాత్రం అలాంటి ఎక్స్‌టెన్షన్‌కూ, గదిగా మార్చిన అటకకూ వర్తిస్తాయి. గ్యారేజీని గదిగా మార్చినా, బరువు మోసే గోడ తీసేసినా అంతే.

మినహాయింపులు కొన్నే. నేలమీద కట్టిన, 30 చదరపు మీటర్లకు మించని గాజు కన్సర్వేటరీకి సాధారణంగా సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపులాంటి తలుపు ఉండాలి, ఇంటి హీటింగును దానిలోకి పొడిగించి ఉండకూడదు. మధ్య తలుపు తీసేసి, రేడియేటర్ పెట్టి, వంటగదితో కలిపేస్తే ఆ మినహాయింపు పోతుంది. మీరు చూసిన ఇంట్లో అలా ఉందేమో గుర్తు చేసుకోండి.

ప్లానింగ్ గడువులు కూడా ఈ మధ్య మారాయి. అనుమతి లేని కట్టడంపై కౌన్సిల్ చర్య తీసుకోగల గడువు ఒకప్పుడు 4 సంవత్సరాలు. 2024 ఏప్రిల్ 25 తర్వాత పూర్తయిన పనులకు ఇంగ్లండ్‌లో అది 10 సంవత్సరాలు. పాత లెక్క చెప్పి "నాలుగేళ్లు దాటాయి, భయం లేదు" అనేవారు ఇంకా ఉన్నారు. పని ఏ తేదీన పూర్తయిందో రుజువు అడగండి. ఇల్లు లిస్టెడ్ భవనమైతే, అంటే చారిత్రక విలువ ఉందని చట్టం రక్షించేదైతే, ఈ గడువులేవీ వర్తించవు. అనుమతి లేకుండా మార్పులు చేయడం అక్కడ నేరం. అలాంటి ఇంటి విషయంలో సొలిసిటర్ మాట వినకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

మూడో అడుగు: ఇంట్లో ఏమేం మారాయో మీరే జాబితా రాయండి

రెండోసారి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కాగితం, కలం తీసుకెళ్లండి. అదే వీధిలో అదే నమూనాలో కట్టిన మిగతా ఇళ్ల పాత ప్రకటనల్లో ఫ్లోర్ ప్లాన్లు దొరుకుతాయి. వాటిని మీ ఇంటి ప్లానుతో పోల్చండి. పక్కింట్లో గోడ ఉన్నచోట మీ ఇంట్లో లేకపోతే ఎవరో తీసేశారన్నమాట. పక్కింటి ముందుగదిలో నిప్పుగూడు, దానిమీదుగా పైకి పోయే మందపాటి పొగగొట్టపు గోడ ఉండి, మీ ఇంట్లో ఆ గోడ కింద మాయమై, కప్పు మీద పొగగొట్టం అలాగే ఉంటే, పైనున్న ఇటుకల బరువును ఏది మోస్తోందని అడగాలి. ఇది చాలామంది గమనించరు. గది విశాలంగా ఉందని మెచ్చుకుని వచ్చేస్తారు.

వీధి ఫోటోలు చూపించే మ్యాపుల్లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా ఉంటాయి. డార్మర్, అంటే వాలు కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చిన అటక కిటికీ, ఏ సంవత్సరం నుంచి కనిపిస్తోందో అక్కడ తెలుస్తుంది. కొన్ని తేదీలు గుర్తుంచుకోవాలి. 1985 నవంబరు 11 కంటే ముందు జరిగిన పనికి రెగ్యులరైజేషన్ వర్తించదు. కిటికీలు మార్చింది 2002 ఏప్రిల్ 1 తర్వాత అయితే కిటికీలు బిగించేవారిని నమోదు చేసే ఫెన్సా వంటి సంస్థ సర్టిఫికెట్ గానీ కౌన్సిల్ సర్టిఫికెట్ గానీ ఉండాలి. ఇంట్లో కరెంటు పనులు 2005 జనవరి 1 నుంచి ఈ నియమాల కిందికి వచ్చాయి. కిటికీ సర్టిఫికెట్ దొరకలేదని నిద్ర పాడుచేసుకోకండి. అది చిన్న విషయం. మీ శ్రద్ధంతా బరువు మోసే పనులమీదా, జనం పడుకునే గదులమీదా పెట్టండి.

నాలుగో అడుగు: సొలిసిటర్‌ను ఈ ప్రశ్నలు అడగండి

అమ్మేవారు నింపి ఇచ్చే టీఏ6 అనే పత్రంలో ఇంటికి చేసిన మార్పుల గురించి ప్రశ్నలుంటాయి. ఆ పత్రం ప్రతి తెప్పించుకుని స్వయంగా చదవండి. మీ జాబితాలో ఉండి ఆ పత్రంలో లేని ప్రతి మార్పునూ సొలిసిటర్‌కు రాసి పంపండి. సొలిసిటర్ మీ ఇంటిని చూడరు. గోడ మాయమైన సంగతి మీరు చెబితేనే వారికి తెలుస్తుంది.

తర్వాత అడగవలసింది, అసలు దరఖాస్తు చేయలేదా, చేసి చివరి తనిఖీకి పిలవలేదా అన్నది. ఈ రెండింటికీ ఎంతో తేడా ఉంది. చాలా ఇళ్లలో బిల్డరు దరఖాస్తు పెడతాడు, అధికారి పునాది చూస్తాడు, దూలం చూస్తాడు, ఆపై బిల్డరు డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. చివరి తనిఖీకి ఎవరూ పిలవరు. లోకల్ సెర్చ్‌లో దరఖాస్తు కనిపిస్తుంది, కంప్లీషన్ సర్టిఫికెట్ కనిపించదు. ఆ ఫైలు కౌన్సిల్ దగ్గర ఇంకా తెరిచి ఉన్నట్టే కాబట్టి, అమ్మేవారే దాన్ని మళ్లీ కదిలించి చివరి తనిఖీ చేయించవచ్చు. అన్ని దారుల్లోకీ ఇది తేలిక. దానికి ముందే తొందరపడి పాలసీకి ఒప్పుకోకండి.

తనిఖీ చేసింది కౌన్సిల్ కాక ప్రైవేటు ఇన్‌స్పెక్టర్ అయితే సర్టిఫికెట్ వేరే పేరుతో, ఫైనల్ సర్టిఫికెట్‌గా ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి వీరిని రిజిస్టర్డ్ బిల్డింగ్ కంట్రోల్ అప్రూవర్లు అంటున్నారు. అమ్మేవారి అల్మారాలో ఆ కాగితం ఉండి, దాని విలువ వారికి తెలియకపోవడమూ జరుగుతుంది.

ఎక్స్‌టెన్షన్ కింద మురుగు పైపు ఉందా అని కూడా అడగండి. 2011 అక్టోబరు 1న ఇంగ్లండ్‌లో చాలా ప్రైవేటు మురుగు పైపులు నీటి కంపెనీల చేతికి వెళ్లాయి. పక్కింటి మురుగును కూడా మోసే పైపు మీద కడితే నీటి కంపెనీ నుంచి బిల్డ్ ఓవర్ ఒప్పందం ఉండాలి. డ్రైనేజి సెర్చ్‌లో పటం వస్తుంది. వంటగది మధ్యలో నేలకు మ్యాన్‌హోల్ మూత కనిపిస్తే ఈ ప్రశ్న తప్పనిసరి.

ఐదో అడుగు: కట్టుబడిని చూపించండి

ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి. మిగతా అడుగుల్లో పొరపాటు జరిగితే కొంత డబ్బు పోతుంది. ఇందులో జరిగితే ఇంట్లోవారికి ప్రమాదం.

బ్యాంకు చేయించే వాల్యుయేషన్ మీకోసం కాదు. ఇల్లు తన అప్పుకు సరిపడా విలువ చేస్తుందో లేదో బ్యాంకు చూసుకుంటుంది, అంతే. మీరు ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) లెవెల్ 3 సర్వే, అంటే కట్టడాన్ని అన్నిటికన్నా వివరంగా చూసే సర్వే, చేయించండి. గోడ తీసేసినా, అటకను గదిగా మార్చినా, దానికి తోడు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను ప్రత్యేకంగా పిలవండి. కొన్ని వందల పౌండ్ల ఖర్చు. ఇంటి ధరతో పోలిస్తే అది పెళ్లి ఖర్చులో తాంబూలాల ఖర్చు లాంటిది.

మేం చూసిన ఇంట్లో వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేసి వెనక్కి పెంచారు. పైకి అద్దంలా ఉంది. ఇంజినీరు వచ్చి, మొదటి అంతస్తులో ఒక పడకగది తలుపు చట్రం ఒక పక్కకు ఒరిగి ఉందని చూపించారు. అమ్మేవారి ఒప్పుకోలుతో కప్పుకు చిన్న రంధ్రం చేసి చూస్తే, ఉక్కు దూలం ఒక కొన నేరుగా మామూలు ఇటుకల మీద కూర్చుని ఉంది. దాని కింద బరువును పంచే కాంక్రీటు దిమ్మ లేదు. మేం "సరే" అని జవాబిచ్చి ఉంటే ఆ దూలం కింద మా పిల్లలు రోజూ అన్నం తినేవారు. అదే ఇంటిని తర్వాత మేమే కొన్నాం. దిమ్మ వేయించే ఖర్చు ధరలో తగ్గించుకుని, తాళాలు చేతికొచ్చిన మొదటి నెలలోనే ఆ పని చేయించాం.

అటక గదిలో చూడవలసినవి ఇంకా ఎక్కువ. పాత అటక నేల వాసాలు కింది గది కప్పును మోయడానికి వేసినవి, మంచాలనూ బీరువాలనూ మనుషులనూ మోయడానికి కాదు. కొత్తగా లావు వాసాలు వేశారా అన్నది మొదటి ప్రశ్న. రెండోది అగ్ని. రెండంతస్తుల ఇంటికి అటక గది చేరితే అది మూడో అంతస్తు అవుతుంది. అంత ఎత్తు నుంచి కిటికీలో దూకి బయటపడలేరు. అందుకే అటక నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారి మంటలకు తట్టుకునేలా ఉండాలని నియమం. సాధారణంగా ఆ దారిలోకి తెరుచుకునే గదుల తలుపులు కొంతసేపు నిప్పును ఆపగలిగేవై ఉండాలి, ప్రతి అంతస్తులో కరెంటుతో నడిచి ఒకటి మోగితే అన్నీ మోగే పొగ అలారాలుండాలి. కింద హాలుకూ మెట్లకూ మధ్య గోడ తీసేసి "ఓపెన్ ప్లాన్" చేసిన ఇంట్లో అటక గది ఉంటే, వంటింట్లో పుట్టిన పొగ నేరుగా పై గదికి పోతుంది. మెట్లకు బదులు మడత నిచ్చెన ఉంటే అది గది కాదు, సామాను పెట్టుకునే చోటు. ప్రకటనలో ఏజెంటు దాన్ని "పడకగది" అనకుండా "లాఫ్ట్ రూమ్" అని రాశారంటే కారణం ఉండే ఉంటుంది.

గ్యారేజీని మార్చిన గది గురించి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆరు నెలల వీసా మీద అమ్మానాన్నలు వస్తారు, మెట్లెక్కలేరని వారికి కింద గ్యారేజీ గది ఇస్తాం. గ్యారేజీ గోడ చాలాచోట్ల ఒక వరుస ఇటుకదే. నేల ఇంటి నేలకన్నా పల్లంగా ఉంటుంది, కింద చెమ్మను ఆపే పొర ఉండకపోవచ్చు. తలుపు ఉన్నచోట గోడ కట్టేటప్పుడు దాని కింద పునాది వేయని బిల్డర్లూ ఉన్నారు. అలాంటి గదిలో నవంబరు నుంచి మార్చి దాకా గడిపిన పెద్దవారి దగ్గు నేను విన్నాను. గోడ మూలల్లో నల్ల బూజు, కొత్తగా వేసిన రంగు వాసన, తడి పీల్చే యంత్రం ఒక మూల పెట్టి ఉండటం, ఇవి కనిపిస్తే సర్వేయర్‌కు చెప్పండి.

ఈ నియమాలు అధికారుల చాదస్తం కాదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన నివాస భవనంలో చెలరేగిన మంటల వల్ల 72 మంది చనిపోయారు. ఆ తర్వాతే 2022లో భవన భద్రతా చట్టం వచ్చింది. నియమాలకు విరుద్ధంగా చేసిన పనిని తొలగించమనో సరిచేయమనో కౌన్సిల్ నోటీసు ఇవ్వగల గడువు అంతకుముందు 12 నెలలే ఉండేది. ఆ చట్టం దాన్ని 10 సంవత్సరాలకు పెంచింది. 2023 అక్టోబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ నోటీసు వచ్చేది ఇంటి యజమానికి. తాళాలు తీసుకున్న రోజు నుంచి ఆ యజమాని మీరే. మీరు చూస్తున్న ఇంటి పనికి పాత గడువు వర్తిస్తుందో కొత్తదో సొలిసిటర్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఆరో అడుగు: నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకోండి

ఇంజినీరు నివేదిక చేతిలో ఉంటేనే ఈ మాటలకు అర్థం ఉంటుంది.

మొదటి దారి, మీరూ అమ్మేవారూ సంతకం చేసిన కాంట్రాక్టులు ఒకరికొకరు మార్చుకోకముందే అమ్మేవారు రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వడం. నా ఓటు దీనికే. పాత పనికి ఆ సర్టిఫికెట్ ఇవ్వగలిగేది కౌన్సిల్ మాత్రమే, ప్రైవేటు సంస్థలకు ఆ అధికారం లేదు. పని జరిగిన నాటి నియమాల ప్రకారమే చూస్తారు, ఈనాటి నియమాల ప్రకారం కాదు. అందువల్ల 1990లలో కట్టిన ఎక్స్‌టెన్షన్‌కు ఇప్పటి మందం ఇన్సులేషన్ లేదని తిరస్కరించరు. వారాలు పడుతుంది, గోడలు కొంత విప్పవలసి రావచ్చు. అమ్మేవారు అందుకే ఇష్టపడరు. పైగా ఒకసారి కౌన్సిల్‌కు తెలిశాక, మీరు వెనక్కి తగ్గినా వారి సమస్య వారి దగ్గరే ఉంటుంది. వారి భయాన్ని అర్థం చేసుకుని మర్యాదగా అడగండి. తప్పకుండా అడగండి.

రెండో దారి, ధర తగ్గించుకుని తర్వాత మీరే సరిచేయించుకోవడం. లెక్క ఎలా వేయాలో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. అటక గదితో కలిపి నాలుగు పడకగదుల ఇల్లని 4,75,000 పౌండ్లు అడుగుతున్నారు. అదే వీధిలో మూడు పడకగదుల ఇల్లు 4,25,000కు అమ్ముడైంది. అటక గదికి సర్టిఫికెట్ లేకపోతే మీరు కొంటున్నది మూడు గదుల ఇల్లూ, ఒక పెద్ద సామానుల గదీ. బేరం 4,25,000 దగ్గర మొదలుపెట్టండి. "మరమ్మతు ఖర్చు తగ్గించుకోండి" అని ఏజెంటు లెక్కను 10,000 పౌండ్లకు కుదించాలని చూస్తారు. లేని గదికి ధర కట్టవద్దు. బ్యాంకు వాల్యుయేషన్ కూడా ఆ గదిని లెక్కలోకి తీసుకోకుండా రావచ్చు. అప్పుడు రుణం తగ్గి, తేడా మీ జేబులోంచి పెట్టాలి.

మూడో దారి ఇండెమ్నిటీ పాలసీ. ఒక్కసారి కట్టే ప్రీమియం, సాధారణంగా అమ్మేవారే కడతారు, ఇల్లు తర్వాత కొన్నవారికీ చెల్లుతుంది. కౌన్సిల్ చర్య తీసుకుంటే దానివల్ల వచ్చే నష్టానికి అది అండ. పని పాతదై, ఇంజినీరు చూసి బాగుందని రాసిచ్చి, బ్యాంకు కూడా ఒప్పుకుంటే పాలసీ తీసుకోవడంలో తప్పు లేదు. 20 ఏళ్లుగా చెక్కుచెదరకుండా ఉన్న వంటగదికి ఇది చాలు. నిన్నగాక మొన్న కట్టిన అటక గదికి, నివేదిక లేకుండా, పాలసీ ఒక్కదాన్నే నమ్మి డబ్బు కట్టడం మాత్రం నేను ఎవరికీ చెప్పలేను. ఒకవేళ తీసుకుంటే షరతులన్నీ చదవండి. తర్వాత మీరు రెగ్యులరైజేషన్‌కు వెళ్లినా, ఎక్స్‌టెన్షన్ గురించి కౌన్సిల్‌తో మాట్లాడినా ఆ పాలసీ రద్దు కావచ్చు.

నాలుగో దారి వదులుకోవడం. ఇంగ్లండ్‌లో కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరికీ ఎవరూ కట్టుబడి లేరు. సర్వే ఖర్చు, సొలిసిటర్ ఖర్చు పోతాయి. బాధగానే ఉంటుంది. పిల్లల బడి దరఖాస్తు గడువు, అద్దె ఇంటి గడువు మీదపడుతుంటే ఇంకా బాధ. అయినా పునాది సంగతి ఎవరూ చెప్పలేని రెండంతస్తుల ఎక్స్‌టెన్షన్‌ను, చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఏడో అడుగు: బ్యాంకుకు తెలియాలి

మీ సొలిసిటర్ చాలా సందర్భాల్లో బ్యాంకు తరఫున కూడా పనిచేస్తారు. సర్టిఫికెట్ లేని సంగతి బ్యాంకు నియమాల ప్రకారం చెప్పవలసినదైతే వారు చెప్పి తీరాలి. "బ్యాంకుకు చెప్పకండి, ఆలస్యమవుతుంది" అని వారిని ఒత్తిడి చేయకండి. బ్యాంకు ఒప్పుకోలు రాతలో వచ్చేదాకా కాంట్రాక్టు మార్చుకోవద్దు. మార్చుకున్నాక వెనక్కి తగ్గితే సాధారణంగా ధరలో పది శాతం ఉండే డిపాజిట్టు పోతుంది.

కొందరు ఒక మధ్యేమార్గం చెబుతారు. ఇల్లు మీ పేరుమీదికి వచ్చినా, సర్టిఫికెట్ వచ్చేదాకా ధరలో కొంత సొమ్ము సొలిసిటర్ దగ్గర ఆపి ఉంచడం. రెండు పక్షాలూ, బ్యాంకూ ఒప్పుకుంటే మంచిదే. ఎంత సొమ్ము, ఎన్నాళ్లు, సర్టిఫికెట్ రాకపోతే అది ఎవరిది అన్నవి కాంట్రాక్టులో స్పష్టంగా రాయించండి.

ఎనిమిదో అడుగు: తాళాలు చేతికొచ్చాక

ఇంటి బీమా తీసుకునేటప్పుడు పడకగదుల సంఖ్య, మార్పుల గురించి అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సర్టిఫికెట్ లేని అటకను పడకగదిగా చూపించి తర్వాత క్లెయిమ్ వేస్తే చిక్కుల్లో పడతారు. అటకలోనూ గ్యారేజీ గదిలోనూ లోపాలు సరిచేసేదాకా ఎవరినీ పడుకోబెట్టకండి, దసరాకో సంక్రాంతికో ఇల్లంతా చుట్టాలతో నిండినా సరే. పొగ అలారాలు మొదటి వారంలోనే పెట్టించండి.

ఇల్లు మనదయ్యాక వాస్తు గుర్తొస్తుంది. వంటగది ఆగ్నేయానికి మార్చాలి, మధ్యలో గోడ తీసి పూజగది చేయాలి అంటారు ఇంట్లో పెద్దలు. చేయండి. కానీ గోడ తీయడం, మురుగు పైపు మార్చడం, కొత్త కరెంటు లైన్లు వేయడం అన్నీ ఈ నియమాల కిందికే వస్తాయి. పని మొదలుపెట్టకముందే బిల్డింగ్ కంట్రోల్‌లో దరఖాస్తు మీ పేరుమీద పెట్టించండి, బిల్డరు పేరుమీద కాదు. పక్కింటితో కలిసిన గోడను కదిలిస్తే 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం వారికి ముందే నోటీసు ఇవ్వాలి. ఒకసారి ప్లాస్టరు వేశాక దూలం ఎవరికీ కనపడదు. అందుకే దూలం వేసినప్పుడు, పునాది తవ్వినప్పుడు, వాసాలు బిగించినప్పుడు ఫోటోలు తీసి తేదీ వేసి దాచండి.

ఇవన్నీ చేసినా చివరి తనిఖీకి బిల్డరు పిలుస్తాడులే అనుకుంటే, మీరు కొన్న ఇంటి పాత యజమానికి జరిగిందే మీకూ జరుగుతుంది. తనిఖీ అధికారికి మీరే ఫోన్ చేయండి. బిల్డరుకు ఇవ్వవలసిన చివరి వాయిదా సొమ్మును కంప్లీషన్ సర్టిఫికెట్ మీ చేతికి వచ్చిన తర్వాతే ఇస్తానని పని మొదలుపెట్టే రోజునే కాగితం మీద రాయించుకోండి.